తాబేలు మీద తెల్ల మచ్చ: పొర ఊడటమా, జబ్బా?

అపార్ట్‌మెంట్ హాల్లో టీవీ పక్కన ఓ గాజు తొట్టె. అందులో కళ్ళ వెనక ఎర్ర చార ఉన్న ఆకుపచ్చ తాబేలు. కొన్న రోజున పది రూపాయల బిళ్ళకన్నా కాస్త పెద్దగా ఉండేది, రెండేళ్ళలో అరచేయంత అయింది. ఓ ఉదయం దాని వీపు మీద తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. ఇంట్లో టెన్షన్ మొదలు. ఒకరు ఫంగస్ అంటారు, ఒకరు పసుపు రాయమంటారు, అక్వేరియం షాపతను నీలం రంగు మందు సీసా చేతిలో పెడతాడు. నాలుగు రోజులు ఆ నీలం నీళ్ళలో తాబేలు ఈదుతుంది, మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. తీరా చూస్తే అవి బోరు నీళ్ళ సున్నపు మరకలు. అదే తాబేలు రెండు వారాలుగా మేత గింజను నోట కరిచి మళ్ళీ వదిలేస్తోందన్న సంగతి ఈ హడావిడిలో ఎవరికీ పట్టలేదు.

పెంపుడు తాబేళ్ళ విషయంలో పొరపాటు చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది చాలావరకు హాని లేనిది. ప్రాణం మీదికి తెచ్చేది చడీచప్పుడు లేకుండా నోట్లోనో, అడుగు డిప్ప కిందనో మొదలవుతుంది. కుక్కకు ఒంట్లో బాగోకపోతే మూలుగుతుంది, పిల్లి మూలకు పోయి పడుకుంటుంది. తాబేలు అరవదు. దాని ఒంట్లో పనులన్నీ నెమ్మది కాబట్టి జబ్బూ నెమ్మదిగానే ముదురుతుంది, మానడమూ అంతే నెమ్మది. చర్మం మీద పుండు తగ్గడానికి వారాలు, డిప్ప మీది గుంట పూడటానికి నెలలు పడుతుంది. అందుకని నోరూ చర్మమూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉంటాయో కంటికి అలవాటు చేసుకోవడమే పెంచేవాళ్ళకు అన్నిటికన్నా పనికొచ్చే విద్య.

మన దగ్గర ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది రెడ్ ఇయర్డ్ స్లైడర్. పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. ఈ వ్యాసంలో తాబేలు అంటే ముఖ్యంగా అదే. మన చెరువుల్లో దొరికే నీటి తాబేలునీ, చిత్తూరు, అనంతపురం వైపు పొదల్లో తిరిగే నక్షత్ర తాబేలునీ ఇంట్లో పెట్టుకోవడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ తర్వాత ఈ రెండూ మొదటి షెడ్యూల్లోనే, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోనే ఉన్నాయి. వాస్తు బాగుంటుందని ఉత్తరం దిక్కున గిన్నెలో పెట్టుకునేవాళ్ళకు ఈ చట్టం గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

ఊడేది ఏది, కుళ్ళేది ఏది

తాబేలు డిప్పను చాలామంది అది మోసుకు తిరిగే పెట్టె అనుకుంటారు. నిజానికి అది దాని ఎముకే. వెన్నెముక, పక్కటెముకలు అందులో కలిసిపోయి ఉంటాయి. ఆ ఎముక మీద పలచటి సజీవ పొర, దాని మీద మన గోళ్ళలాంటి పదార్థంతో తయారైన పలకలు. స్లైడర్ పై డిప్ప మీద మామూలుగా 38 పలకలుంటాయి. అంటే డిప్ప మీద గుంట పడిందంటే పెట్టెకు గీత పడినట్టు కాదు, ఎముక దాకా దారి తెరుచుకుంటున్నట్టు.

ఎదిగే స్లైడర్‌కు పొరలు ఊడటం మామూలే. మెడ మీద, ముందు కాళ్ళ మీద ఉల్లిపొరలాంటి పలచటి తునకలు నీళ్ళలో తేలాడుతూ కనిపిస్తాయి. వాటి కింద చర్మం మెరుస్తూ, చారలు స్పష్టంగా ఉంటాయి. డిప్ప మీది పలకలూ అంతే. ఒక్కో పలక తన ఆకారంలోనే, పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితంలా లేచి ఊడిపోతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే అవతలి వేళ్ళు కనిపించేంత పలచగా ఉంటుంది. ఊడిన చోట కొత్త పలక ముందుకన్నా మంచి రంగులో ఉంటే ఇక చూసుకోనక్కర్లేదు. చిన్నప్పుడు మోకాలి మీద చెక్కు గీకేసినట్టు దాన్ని గోరుతో పీకాలనిపిస్తుంది. పీకకూడదు. సగం అతుక్కుని ఉన్న పలకను లాగితే కింద పచ్చి చర్మం బయటపడుతుంది, తొట్టెలో క్రిములకు తలుపు తెరిచినట్టవుతుంది.

అనుమానపడాల్సింది వేరే రకం పొర. మందంగా, తెల్లగా, ఒకదాని మీద ఒకటి పేరుకుని, కింద చర్మం ఎర్రగా పచ్చిగా ఉంటే అది మామూలు ఊడటం కాదు. ఒకే చోట మళ్ళీ మళ్ళీ ఊడుతున్నా, ఊడిన తునకకు వాసన వస్తున్నా అంతే. బూజు పడితే ఇంకో రకంగా కనిపిస్తుంది. నీళ్ళలో ఉన్నప్పుడు దూది పింజలా తెల్లగా విచ్చుకుని, బయటికి తీయగానే చర్మానికి అంటుకుపోయి జిడ్డు మచ్చలా మారుతుంది. బూజు సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని పట్టుకోదు. దెబ్బ తగిలిన చోట, కరిచిన గాటు మీద, నీళ్ళు పాడైనప్పుడు పట్టుకుంటుంది. ఒకే తొట్టెలో రెండు తాబేళ్ళుంటే ముందుగా వాటి మెడలు, తోకలు, ముందు కాళ్ళు చూడటం మంచిది. మగది ఆడదాని మెడ దగ్గర కొరకడం మామూలు. పైకి గీరుకున్నట్టు కనిపించే ఆ గాటే రెండు వారాలకు పుండవుతుంది.

ఇక సున్నపు మరకల సంగతి. హైదరాబాద్‌లో బోరు మీద ఆధారపడే కాలనీల వాళ్ళకు ఈ నీళ్ళ గుణం తెలిసిందే. బకెట్ అంచున తెల్ల చార, గీజర్ లోపల గట్టి పెచ్చు. అవే నీళ్ళు తొట్టెలో పోస్తే, తాబేలు ఎండకు రాయెక్కినప్పుడల్లా వీపు మీది నీరు ఆవిరై సున్నం మిగులుతుంది. గుర్తుపట్టడం తేలిక. డిప్ప తడిగా ఉంటే మచ్చ మాయమవుతుంది, ఆరగానే ముగ్గు చల్లినట్టు మళ్ళీ కనబడుతుంది. తొట్టె గాజు మీద నీటి మట్టం దగ్గర అదే తెల్ల గీత ఉంటుంది. వేలితో తడిమితే గుంట గానీ మెత్తదనం గానీ తగలదు. దీనికి మందు లేదు, అవసరమూ లేదు.

పాచి కూడా అంతే. పచ్చగా, నున్నగా, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. ఆ బ్రష్ తాబేలుకే విడిగా ఉంచాలన్నది వేరే చెప్పక్కర్లేదు గానీ, దాన్ని వంటింటి సింక్‌లో కడిగేవాళ్ళున్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఏ జబ్బూ లేని తాబేలు పేగుల్లో కూడా హాయిగా ఉంటుంది, రెట్టతో నీళ్ళలోకి వస్తుంది. పిల్లలు చిన్న తాబేళ్ళను నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని అమెరికాలో 4 అంగుళాలకన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. మన దగ్గర షాపుల్లో కనిపించేవి చాలావరకు ఆ సైజువే.

ఇంకో భయం కూడా అనవసరం. ముసలి మగ స్లైడర్లలో కొన్నిటికి ఆకుపచ్చ పోయి ఒళ్ళంతా నల్లబడుతుంది, ఎర్ర చార కూడా మసకబారుతుంది. వయసు లక్షణం, జబ్బు కాదు.

నిజమైన డిప్ప కుళ్ళు ఇలా ఉండదు. మొదట ఒక పలక అంచున చిన్న గుంట, దాని చుట్టూ రంగు మారిన గీత. గోటితో మెల్లగా నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి పోతుంది. ముదిరితే పలక లేచి కింద ఎర్రటి నీరు కనిపిస్తుంది. వాసన వస్తుంది. చేపల బజారు వాసన కాదు, అంతకన్నా మొరటుగా, కుళ్ళిన మాంసం వాసన. ఇది పైన కన్నా అడుగు డిప్ప మీద ఎక్కువ వస్తుంది. ఎందుకంటే ఎక్కడానికి పొడి చోటు లేని తాబేలుకు అడుగు భాగం ఎప్పుడూ ఆరదు. పైగా ఇంట్లోవాళ్ళు చూసేది వీపు, అడుగు ఎవరూ తిప్పి చూడరు. వారానికోసారి రెండు చేతులతో, ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య పట్టుకుని, కాసేపు పైకెత్తి అడుగు చూడాలి. స్లైడర్ అడుగు డిప్ప పసుపు రంగులో, ముదురు మచ్చలతో ఉంటుంది. ఆ పసుపు మీద గులాబీ జీరలు కమ్మినట్టు, కమిలినట్టు ఎర్రబడి ఉంటే మాత్రం రేపు మాపు అనుకోకూడదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందనడానికి అది గుర్తు కావచ్చు. కాళ్ళ మీద, మెడ మీద చిన్న చిన్న పుండ్లు, మందకొడితనం, దాంతోపాటు ఈ ఎరుపు కలిస్తే రోజుల వ్యవహారం కాదు, గంటల వ్యవహారం.

నోరు: చూడటమే కష్టం

తాబేలుకు పళ్ళుండవు. పిట్టకున్నట్టు గట్టి ముక్కు ఉంటుంది. తెలుగులో వాసన చూసేదీ ముక్కే, పొడిచేదీ ముక్కే కాబట్టి డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పేటప్పుడు తికమక వస్తుంది. ఇక్కడ ముక్కు అంటే నోటి అంచు.

నోరు తెరిచి చూపించమంటే అది చూపించదు. బలవంతంగా తెరవబోతే ముక్కు అంచు చిట్లుతుంది, లేదా వేలు తెగుతుంది. అందుకని ఇంట్లో చేయగలిగింది దొంగచాటుగా చూడటమే. తాబేళ్ళు ఆవలిస్తాయి. రాయెక్కి ఎండ కాసుకుంటూ ఉన్నట్టుండి నోరు పూర్తిగా తెరుస్తాయి. మేత వేసేటప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే లోపలి రంగు బాగానే తెలుస్తుంది. లేత గులాబీ రంగు, తడిగా, మెరుస్తూ ఉంటే ఆరోగ్యం. బాగా పాలిపోయి తెల్లగా ఉన్నా, నీలం తిరిగినా, పసుపుపచ్చగా ఉన్నా బాగోలేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉందో ఒక ఫోటో ఫోన్‌లో ఉంటే తర్వాత పోల్చుకోవడం తేలిక.

నోటి కుళ్ళు, డాక్టర్లు స్టొమటైటిస్ అనేది, ఎప్పుడూ చిన్నగానే మొదలవుతుంది. ముందు చిగుళ్ళలాంటి మెత్తటి భాగం మీద సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు వస్తాయి. తర్వాత లాలాజలం చిక్కబడి, నోరు తెరిచినప్పుడు పై నుంచి కిందికి జిగురు తీగలు సాగుతాయి. ఆ తర్వాత పసుపు కలిసిన తెల్లటి ముద్దలు. వాటిని చూసి తిన్న అన్నం మెతుకు ఇరుక్కుందనుకుని పుల్లతో తీయబోయేవాళ్ళున్నారు. అది చీము. మనుషుల చీములా కారదు. సరీసృపాల తెల్ల రక్తకణాల్లో చీమును పలచన చేసే ఎంజైములు కొరవడటంతో అది విరిగిన పాల ముద్దలా గట్టిపడి అక్కడే పేరుకుంటుంది. పీకితే కింద రక్తం వస్తుంది. లోపల దవడ ఎముక దాకా పాకే జబ్బు ఇది. ఊపిరిగొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది కాబట్టి ఊపిరితిత్తులకూ దిగుతుంది. తాబేలుకు మనలా డయాఫ్రం, అంటే ఊపిరికి సాయపడే కండరపు పొర లేదు, గట్టిగా దగ్గి బయటికి నెట్టేయలేదు. లోపలికి పోయింది లోపలే ఉంటుంది.

ఇవన్నీ కనిపించేదాకా ఆగక్కర్లేదు. అంతకన్నా ముందే మేత వేళ కొన్ని సంగతులు బయటపడతాయి. ఆరోగ్యంగా ఉన్న స్లైడర్ తిండి కనిపిస్తే గాజుకు తల కొట్టుకుంటూ వస్తుంది. నోరు నొప్పిగా ఉన్నదీ వస్తుంది, అందుకే ఆకలి ఉందని మనం మోసపోతాం. గింజ దగ్గరికొచ్చి మెడ చాపుతుంది, కరుస్తుంది, వెంటనే వదిలేస్తుంది. మళ్ళీ కరుస్తుంది, వదిలేస్తుంది. ముందు కాలితో నోటి పక్కన గీక్కుంటుంది. మెత్తటివి తిని గట్టివి మానేస్తుంది. కాసేపటికి పక్కకు తిరిగి వెళ్ళిపోతుంది. తొట్టె అడుగున నానిపోయిన గింజలు రోజురోజుకూ పెరుగుతుంటాయి. ఇంట్లోవాళ్ళు అది మొండికేసిందనుకుని బ్రాండు మారుస్తారు.

ముక్కు పొడవుగా పెరిగి కిందికి వంగి చిలక ముక్కులా కావడం ఇంకో సమస్య. ఎప్పుడూ మెత్తటి తిండే పెడితే ముక్కు అరగదు. కాల్షియం తక్కువై దవడ ఎముక వంకరపోయినా పైదీ కిందిదీ కలవవు. కొంచెం ఎక్కువ పెరిగితే సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క తొట్టెలో వేస్తే కొరుక్కుంటూ అదే అరగదీసుకుంటుంది, కాల్షియమూ అందుతుంది. పచారీ, మూలికల కొట్లలో దొరుకుతుంది, లవ్ బర్డ్స్ పెంచేవాళ్ళందరికీ తెలుసు. తినలేనంతగా పెరిగితే డాక్టర్ దగ్గర సరిచేయించాలి. గోళ్ళు కత్తిరించే కటర్‌తో ఇంట్లో ప్రయత్నిస్తే నిలువునా చీలుతుంది.

నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు రంధ్రాల నుంచి బుడగలు రావడం, ఈదేటప్పుడు ఓ పక్కకు ఒరిగిపోవడం నోటి జబ్బులు కావు, న్యుమోనియా గుర్తులు. కానీ నోటి జబ్బు వెనకే రావచ్చు. ఆవలింత ఒకసారి వచ్చి పోతుంది, ఊపిరాడనిది నోరు తెరుచుకునే ఉంటుంది.

కన్ను ఉబ్బితే కారణం మేత డబ్బాలో

కళ్ళు వాచి మూసుకుపోయిన తాబేలును చూసి కళ్ళ జబ్బు అనుకోవడం సహజం. చాలాసార్లు దానికి కారణం విటమిన్ ఎ లోపం, అది చర్మం, నోరు, కన్ను, చెవి అన్నిటినీ కలిపి పట్టేస్తుంది. ఈ విటమిన్ చాలకపోతే లోపలి మెత్తటి తడి పొరలు మందంగా, పొడిగా, పొలుసుల్లా మారతాయి. కన్నీటి గ్రంథుల దారులు మూసుకుపోయి రెప్పలు ఉబ్బుతాయి. నోట్లో పొర దెబ్బతిని క్రిములకు చోటు దొరుకుతుంది. మధ్య చెవి నుంచి గొంతులోకి దిగే నాళం కూడా మూసుకుపోయి, చెవి దగ్గర, అంటే సరిగ్గా ఆ ఎర్ర చార ఉన్న చోట, ఒక పక్కన గోళీ పెట్టినట్టు ఉబ్బుతుంది. పై నుంచి చూస్తే తల రెండు వైపులా సమానంగా లేదని తెలుస్తుంది. అందులోదీ గట్టి చీమే. మందులతో కరగదు, డాక్టర్ మత్తిచ్చి కోసి తీయాల్సిందే. చిన్న తాబేలులోంచి కూడా నానిన శనగ గింజంత ముద్ద ఒక్కటిగా బయటికొస్తుంది.

ఈ లోపానికి మూలం మామూలుగా ఎండు రొయ్యల డబ్బా. ఎర్ర మూత, పైన నవ్వుతున్న తాబేలు బొమ్మ. అవి చిరుతిండి, భోజనం కాదు. ఏళ్ళ తరబడి అవే పెడితే, కాకపోతే అన్నం, బిస్కెట్లు పెడితే ఇదే జరుగుతుంది. పిల్ల స్లైడర్ మాంసం ఎక్కువ తింటుంది, పెద్దయ్యేకొద్దీ ఆకుల వైపు మళ్ళుతుంది. పేరున్న గింజల మేతతోపాటు క్యారట్ తురుము, గుమ్మడి ముక్క, మునగాకు, చిలగడదుంప పెట్టవచ్చు. పాలకూర, చుక్కకూర, గోంగూర రోజూ పెట్టేవి కావు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. లోపం అనగానే మెడికల్ షాపుకెళ్ళి విటమిన్ ఎ చుక్కలు తెచ్చి వేయడమూ తప్పే. ఇంజెక్షన్‌గా ఎక్కువ మోతాదు పడితే చర్మం బొబ్బలెక్కి మెడ మీద, కాళ్ళ మీద పొరలు పొరలుగా ఊడిపోతుంది. అంటే చర్మం జబ్బుకు వేసిన మందే చర్మాన్ని ఊడదీస్తుంది. మోతాదు డాక్టర్ చూసుకోవాల్సిన విషయం.

తాబేలు కన్నా ముందు తొట్టె

నోటి కుళ్ళుకు, డిప్ప కుళ్ళుకు కారణమయ్యే బ్యాక్టీరియా ఎక్కడి నుంచో రాదు. ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటివి ఆ నీళ్ళలో, ఆ తాబేలు ఒంటి మీద ముందు నుంచీ ఉంటాయి. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళు ఊరుకుంటాయి. ఆ సత్తువ తాబేలుకు వేడి మీద ఆధారపడి ఉంటుంది. దాని రోగనిరోధక శక్తి, అరుగుదల, ఆఖరికి మందు పనిచేయడం కూడా బయటి ఉష్ణోగ్రతను బట్టే. నీళ్ళు సుమారు 24 నుంచి 28 డిగ్రీలు, ఎక్కి కూర్చునే చోటు 30 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు అంతకన్నా బాగా చల్లబడతాయి. సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళి వచ్చేసరికి తాబేలు తిండి మానేసి ఉండటం వెనక చాలాసార్లు ఉండేది ఈ చలే. ఏసీ గదిలో తొట్టె పెట్టినా అంతే, ఎండాకాలంలో కూడా.

వెలుతురు సంగతి ఇంకా మోసం. కిటికీ దగ్గర పెట్టాం, ఎండ పడుతోంది కదా అంటారు. డిప్ప గట్టిపడటానికి కావలసిన విటమిన్ డి3 తయారయ్యేది ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలతో, గాజు వాటిని ఆపేస్తుంది. గాజు అవతల నుంచి వచ్చేది వెచ్చదనమే. యూవీబీ బల్బు పెట్టినవాళ్ళు కూడా అది వెలుగుతున్నంతకాలం పనిచేస్తోందనుకుంటారు. వెలుగు ఉంటుంది, యూవీబీ మాత్రం ఆరు నుంచి పన్నెండు నెలల్లో పడిపోతుంది. బాల్కనీలో నేరుగా ఎండలో పెట్టడం మంచిదే, కానీ మే నెలలో చిన్న టబ్బులో నీడ లేకుండా పెడితే కాసేపట్లోనే నీళ్ళు వేడెక్కిపోయి అది చచ్చిపోవచ్చు. సగం ఎండ, సగం నీడ, పక్కన మనిషి ఉండాలి.

నీళ్ళ విషయంలో మన ఇళ్ళ అలవాటు గిన్నె. అరచేయంత తాబేలుకు రెండు లీటర్ల గిన్నె అంటే మనం బాత్‌రూమ్‌లో కాపురం పెట్టినట్టు. పెంచేవాళ్ళు సాధారణంగా పాటించే లెక్క డిప్ప పొడవు అంగుళానికి 10 గ్యాలన్లు, అంటే దాదాపు 38 లీటర్లు. ఆడ స్లైడర్ 25 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, 20 ఏళ్ళకు పైగా బతుకుతుంది. కొనేటప్పుడు ఈ లెక్క చెప్పే షాపు అరుదు. తొట్టె చాలక, వాసన భరించలేక, జబ్బు పడ్డాక చాలా స్లైడర్లు గుడి కోనేట్లోనో, చెరువులోనో తేలుతున్నాయి. ప్రపంచంలో అన్నిటికన్నా హాని చేసే 100 పరాయి జీవుల జాబితాలో ఈ తాబేలు ఉంది. రోగంతో ఉన్నదాన్ని వదిలితే ఆ రోగం మన నీటి తాబేళ్ళకూ అంటవచ్చు. పుణ్యం అనుకుని చేసే పని అక్కడ అలా తిరగబడుతుంది.

చేయదగ్గవి, చేయకూడనివి

పుండుకు పసుపు పెట్టడం మన చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. తాబేలు మీద అది గుంటల్లో గడ్డకట్టి, కింద ఏం జరుగుతోందో డాక్టర్‌కు కనబడకుండా చేస్తుంది. డిప్ప నిగనిగలాడాలని కొబ్బరి నూనె, వ్యాజ్‌లీన్ రాయడం అంతకన్నా చెరుపు. తేమను లోపల బంధించి కుళ్ళుకు అనువు చేస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఐవర్‌మెక్టిన్. గొడ్లకు, కుక్కలకు పిడుదులు పడితే వాడే మందు కాబట్టి పల్లెల్లో ప్రతి మెడికల్ షాపులోనూ దొరుకుతుంది. తాబేళ్ళకు అది విషం. మామూలు మోతాదుకే కాళ్ళు పడిపోయి చనిపోవచ్చు. మెట్ట తాబేలు మెడ మడతల్లో పిడుదులు కనిపించినప్పుడు ఇదే చేతికి అందుతుంది. ఆ పిడుదుల్ని పట్కారుతో తీయించాలి గానీ మందు జోలికి పోకూడదు.

డాక్టర్‌ను చూపించేలోపు చేయదగినవి ఉన్నాయి. నీళ్ళు మార్చడం, వేడి సరిచేయడం, రెండు తాబేళ్ళుంటే విడదీయడం. డిప్ప మీద, చర్మం మీద పుండు ఉంటే పలచటి టీ రంగు వచ్చేలా పోవిడోన్ అయొడిన్‌ను నీళ్ళలో కలిపి అద్ది, ఓ గంటో రెండు గంటలో వెచ్చటి పొడి చోట ఉంచి మళ్ళీ నీళ్ళలో వదలాలి. స్లైడర్ నీళ్ళలో ఉంటేనే మింగగలదు కాబట్టి రోజంతా పొడిగా ఉంచితే ఆకలితో మాడుతుంది. నోట్లో మాత్రం ఏదీ పూయకూడదు. నోటి కుళ్ళు ఇంటి వైద్యానికి లొంగదు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కావాలి. మూత్రపిండాల మీద పడకుండా డాక్టర్లు వాటిని మామూలుగా ముందు కాళ్ళ దగ్గరే వేస్తారు. కొన్ని మందులు మూడు రోజులకోసారే వేస్తారు. కుక్కకు రోజూ వేసే ఇంజెక్షన్ దీనికి మూడు రోజులకోసారి ఎందుకని అనుమానపడక్కర్లేదు, మందు ఒంట్లోంచి పోవడమూ నెమ్మదే.

తాబేళ్ళను చూసే డాక్టర్లు మనకు తక్కువే. వీధి చివర పెట్ క్లినిక్‌లో కుక్కల డాక్టర్ నిజాయితీగా నాకు తెలీదంటే అది మంచి డాక్టర్ అన్న గుర్తే. ఎగ్జాటిక్ పెట్స్, అంటే కుక్క, పిల్లి కాని పెంపుడు జీవుల్ని చూసేవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో అడిగితే ఎక్కడికి వెళ్ళాలో కనీసం దారి చెబుతారు.

తీసుకెళ్ళేటప్పుడు బకెట్ నీళ్ళలో పెట్టకూడదు. ఆటో కుదుపులకు నీరసంగా ఉన్నది మునిగి ఉక్కిరిబిక్కిరి కావచ్చు. మూతకు చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో తడి గుడ్డ పరిచి పెడితే చాలు. బయలుదేరే ముందు వంటింటి త్రాసు మీద కాకుండా విడిగా ఉంచుకున్న చిన్న త్రాసు మీద బరువు చూసి రాసుకోవాలి. మేత డబ్బా ఫోటో, తొట్టె ఫోటో, ఆ వదిలేస్తున్న గింజ వీడియో ఫోన్‌లో ఉండాలి. తాబేళ్ళ సంగతి తెలిసిన డాక్టర్ ముందుగా దాని నోరు తెరవడు. నీళ్ళు ఎన్ని రోజులకోసారి మారుస్తారు, ఎక్కి కూర్చోడానికి చోటుందా, ఏం పెడుతున్నారు, బల్బు ఎప్పుడు మార్చారు అని అడుగుతాడు. చాలా ఇళ్ళలో చివరి ప్రశ్నకు జవాబు, ఏ బల్బు సార్ అనే ఉంటుంది.